బెంగళూరులో సల్సా, పలమనేరులో కోపు

చిత్తూరు వైపు ఇళ్లకు బెంగళూరు పరాయి ఊరేం కాదు. పిల్లలు పెద్దవాళ్లయ్యాక కాస్త దూరంగా వేసుకున్న ఇంకో గది. తిరుపతిలో పొద్దున్నే ఇడ్లీ తిని బస్సెక్కితే చిత్తూరు, మొగిలి ఘాటు, పలమనేరు, ముళబాగిలు, కోలారు దాటుకుని మధ్యాహ్నం భోజనానికి కేఆర్ పురంలో దిగొచ్చు. సంచిలో ఉసిరికాయ పచ్చడి, మురుకులు, రెండు కట్టల కరివేపాకు. బెంగళూరులో కరివేపాకు దొరకదని కాదు, అది మన చెట్టుది కాదు గదా అని.

పోయిన ఏడాది అలాగే వెళ్లాం, మా ఆయనా నేనూ. మా అమ్మాయి మారతహళ్లిలో ఉంటుంది. శనివారం మధ్యాహ్నం 'రాత్రికి బయటికి వెళ్తున్నాం, నాన్నా మీరు కూడా' అంది. హోటల్ భోజనం అనుకుని మా ఆయన సాయంత్రం టీతో బిస్కెట్లు కూడా ముట్టలేదు. ఆ పిల్ల తీసుకెళ్లింది ఇందిరానగర్‌లో ఒక మేడ మీది హాలుకి. లోపల చెక్క నేల, ఒకవైపు గోడంతా అద్దం, మూలల్లో పెద్ద స్పీకర్లు. పాతికమంది దాకా ఉన్నారు. ఎనిమిది నుంచి తొమ్మిది దాకా కొత్తవాళ్లకు పాఠం, ఆ తర్వాత ఎవరి ఆట వాళ్లది. ప్రతి శనివారం ఇదే వరసట. నేర్పేది సల్సా.

'మేం కూర్చుని చూస్తాం లేమ్మా' అన్నాం ఇద్దరం ఒకేసారి. ముప్పై ఏళ్ల కాపురంలో మేమిద్దరం ఒకే మాట ఒకేసారి అన్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అమ్మాయి నాన్నని వదిలేసింది గానీ నన్ను వదల్లేదు. 'కుచ్చెళ్లు కాస్త పైకి దోపుకో అమ్మా, చాలు' అంది.

నాకు యాభై నాలుగేళ్లు. ఇన్నేళ్లలో ఇంట్లోవాళ్లు కాకుండా నా చెయ్యి పట్టుకున్న మగవాళ్లు ఇద్దరే. నాడి చూసే డాక్టరు, గాజులు తొడిగే శెట్టి. ఇప్పుడు ఎవరో అబ్బాయి చెయ్యి పట్టుకుని గిరగిరా తిరగాలంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. నేర్పే కుర్రాడు మలయాళీ. మొహం చూసే గ్రహించినట్టున్నాడు. 'మొదటి పావుగంట జంటలేం లేవు మేడమ్, ఎవరి కాళ్లు వాళ్లు చూసుకోవడమే' అన్నాడు ఇంగ్లీషులో.

అడుగు చూస్తే చాలా చిన్నది. ఆడవాళ్లు కుడికాలు వెనక్కి వేసి, బరువు ఎడమకాలి మీదికి తెచ్చి, కుడికాలు మళ్లీ పక్కకు చేర్చుకోవాలి. తర్వాత ఎడమకాలు ముందుకు, ఇదే తిరగేసి. మగవాళ్లకు అద్దంలో చూసినట్టు దీనికి ఎదురు. అంతే సల్సా అంటే. మిగతా తిరగడాలూ మెలికలూ అన్నీ దీని మీద కట్టినవే. 'వన్, టూ, త్రీ... ఫైవ్, సిక్స్, సెవెన్' అని లెక్కపెడుతున్నాడు. ఫోర్ లేదు, ఎయిట్ లేదు. 'నాలుగేదీ?' అని ఎవరో అడిగారు. 'నాలుగు ఉంది, కానీ అప్పుడు కాలు కదపకూడదు' అన్నాడు. చుట్టూ ఉన్న కుర్రకారంతా నాలుగుకు కాలు వేసేసి, నాలిక కరుచుకుని, మళ్లీ మొదలుపెడుతున్నారు. నా కాలు మాత్రం దానంతటదే ఆగింది. అమ్మాయి నావైపు ఆశ్చర్యంగా చూసింది. ఎందుకు ఆగిందో నాకు తెలుసు. ఆ సంగతి కాస్త తర్వాత చెప్తాను.

పావుగంట అయ్యాక జంటలు కట్టించారు. 'గట్టిగా పట్టుకోవద్దు, కోడిగుడ్డు పట్టుకున్నట్టు పట్టుకోండి' అన్నాడు గురువు. రెండు మూడు నిమిషాలకోసారి చప్పట్లు కొడతాడు, మగవాళ్లు ఒక్కో మనిషి పక్కకు జరగాలి. అలా ఎవరి చెయ్యీ ఎవరి దగ్గరా స్థిరంగా ఉండదు. ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చింది. మూడో అబ్బాయి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అన్న ధ్యాస పోయి కాలు అన్న ధ్యాసే మిగిలింది. నాలుగో అబ్బాయిది కర్నూలు. నా చీర చూసి 'ఆంటీ, మీది ఏ ఊరు?' అన్నాడు తెలుగులో. తిరుపతి అన్నాను. 'దర్శనం టికెట్లు ఏమన్నా...' అనబోయి లెక్క తప్పాడు. తిరుపతి వాళ్లకు ఈ ప్రశ్న ఎక్కడికెళ్లినా తప్పదు, చివరికి సల్సా మధ్యలో కూడా!

వచ్చినవాళ్లలో బాగా ఆడేది ఎవరనుకున్నారు? డెబ్బై దాటిన ఒక కన్నడ పెద్దాయన. గుండె ఆపరేషన్ అయ్యాక డాక్టరు రోజూ నడవమన్నాడట. పార్కు చుట్టూ ఒక్కడే తిరగడం విసుగొచ్చి ఇటు వచ్చానన్నారు. తొమ్మిది దాటాక దీపాలు కాస్త తగ్గించి అసలు ఆట మొదలుపెట్టారు. అక్కడ పద్ధతేమిటంటే ఎవరు ఎవరినైనా ఆటకు పిలవొచ్చు, రానంటే నొచ్చుకోకూడదు, వస్తే ఒక్క పాటే. పాట కాగానే థాంక్స్ చెప్పి ఎవరి దోవన వాళ్లు. పెద్దాయన నా దగ్గరికొచ్చి నమస్కారం పెట్టి పిలిచారు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ఒళ్లో నా హ్యాండ్‌బ్యాగూ, అమ్మాయి హ్యాండ్‌బ్యాగూ పెట్టుకుని సీలింగ్ ఫ్యాను వైపు చూస్తున్నారు. చూపు దించకుండానే 'వెళ్లు, పిలుస్తున్నారు గదా' అన్నారు. నాలుగు నిమిషాల పాట. పెద్దాయన అడుగులు నా అడుగుల కంటే చిన్నవి. ఆయాసం రాకుండా ఆడటం ఎలాగో ఆయన్ని చూసి నేర్చుకోవాలి. పాట కాగానే మళ్లీ నమస్కారం పెట్టి వెళ్లిపోయారు.

ఇంతకీ నన్ను అక్కడ కట్టిపడేసింది ఆట కాదు. పాఠం మధ్యలో గురువు సంచిలోంచి రెండు కట్టె ముక్కలు తీశాడు. జానెడుకు కాస్త ఎక్కువ పొడుగు, నున్నగా చెక్కినవి. ఒకటి గుప్పిట మీద ఆనించి రెండోదాంతో కొట్టాడు. మూడు దెబ్బలు, కాస్త ఎడం, రెండు దెబ్బలు. ఎన్ని వాయిద్యాలు మోగుతున్నా ఈ అయిదు దెబ్బల్నే వెతుక్కోవాలట. వాటిని 'క్లావే' అంటారు. స్పానిష్‌లో కీలకం అని అర్థం. నాకేమో చేతిలో పట్టుకునేదాకా మనసాగలేదు. మన కోలాటం కట్టెలకు చెల్లెళ్లు!

ఇంటికొచ్చాక అమ్మాయి దగ్గర కూర్చుని ఈ సల్సా పుట్టుపూర్వోత్తరాలన్నీ చదివించుకున్నాను. సల్సా అంటే స్పానిష్‌లో సాస్. అంటే మన మదనపల్లె టమోటాతో నూరుకునే పచ్చడికి దూరపు చుట్టం. ఆటకు ఆ పేరు బాగా అతుక్కున్నది న్యూయార్క్‌లో, 1970ల్లో. అక్కడ 1964లో పుట్టిన ఫానియా అనే రికార్డుల కంపెనీ ఈ పాటల్ని ఆ పేరు మీద ఊరూరా చేరవేసింది. కానీ వేళ్లు క్యూబాలో ఉన్నాయి. క్యూబా అంటే మన చిత్తూరు మాదిరే చెరకు సీమ. ఆ చెరకు నరకడానికి ఆఫ్రికా నుంచి మనుషుల్ని బానిసలుగా తెచ్చారు. 1886 దాకా అక్కడ బానిసత్వం చెల్లింది. వాళ్ల డప్పు, దొరల గిటారు కలిసి తూర్పు క్యూబా పల్లెల్లో 'సోన్' అనే పాట పుట్టింది. అదే రాజధాని హవానాకు చేరి, అక్కణ్నుంచి సముద్రం దాటి, ప్యూర్టోరికో వాళ్ల చేతుల్లో, న్యూయార్క్ వీధుల్లో సల్సా అయింది. క్లావే కట్టెలు కూడా హవానా రేవులో ఓడలు కట్టేటప్పుడు వాడే చెక్క మేకుల నుంచి వచ్చాయని చెప్తారు. కూలివాళ్లు పని మధ్యలో రెండు మేకులు తీసి తాళం వేసుకున్నారన్నమాట.

ఈ కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం న్యూయార్క్‌లోని పల్లాడియం అనే డాన్సు హాలుది. 1940ల చివరి నుంచి 1966 దాకా నడిచింది. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే బల్ల మీద కూర్చుని తినడమే వింతగా ఉన్న ఆ రోజుల్లో, ఆ హాల్లో క్యూబా వాళ్లు, ప్యూర్టోరికో వాళ్లు, నల్లవాళ్లు, ఇటలీ వాళ్లు, యూదులు అందరూ ఒకే నేల మీద మాంబో ఆడేవాళ్లు. టీటో ప్వెంటే వంటి మహామహులు వాయించేవాళ్లు. బుధవారం రాత్రుళ్లు ముందుగా కొత్తవాళ్లకు పాఠం, ఆ తర్వాత ఆట. బెంగళూరు మేడ మీద నేను చూసిన వరస సరిగ్గా అదే. ఇంకో ముచ్చట కొలంబియాలోని కాలీ నగరానిది. అక్కడి కుర్రకారుకు పాటలు నిదానంగా ఉన్నట్టు తోచి, 33 వేగంతో తిప్పాల్సిన గ్రామఫోను రికార్డుని 45 మీద పెట్టి తిప్పేవాళ్లట. అందుకే కాలీ వాళ్ల కాళ్లు లోకంలో అందరికంటే వేగం అంటారు.

ఒక్క మాట మాత్రం అనక తప్పదు. చెరకు నరికేవాళ్ల దగ్గర, ఓడరేవు కూలీల దగ్గర పుట్టిన ఆట అది. బెంగళూరులో నేను చూసిన పాతికమందిలో ఒళ్లు వంచి పనిచేసేవాళ్లు ఒక్కరూ లేరు. తలుపు దగ్గర టికెట్టు కొనాలి, చెక్క నేల మీద గీతలు పడకుండా వేరే బూట్లు కావాలి, రాత్రి పదకొండుకు ఇంటికి చేరడానికి కారు కావాలి. నేర్పేవాళ్ల తప్పని అనడం లేదు, వాళ్లూ అద్దె కట్టుకోవాలి. కానీ పగలంతా మట్టి పని చేసి రాత్రి ఆట నేర్చుకునేవాళ్లని నేను చూశాను గనక ఈ తేడా తెలుస్తోంది.

నా కాలు నాలుగు దగ్గర ఎందుకు ఆగిందో ఇప్పుడు చెప్తాను.

మా పుట్టిల్లు పలమనేరు పక్కన పల్లె. మల్బరీ, చెరకు, శెనక్కాయలు. నాకు తొమ్మిదో పదో ఏళ్లప్పుడు, అంటే 1980 ప్రాంతంలో, ఊళ్లో వాళ్లు చెక్కభజన నేర్చుకోవాలని పుంగనూరు వైపు నుంచి ఒక గురువును పిలిపించారు. మనిషి సన్నం, గొంతు మాత్రం ఊరవతలికి వినిపిస్తుంది. రెండు నెలలు మా ఊళ్లోనే ఉన్నాడు. ఇంటికొక పూట భోజనం, చివర్లో చందాలు వేసుకుని పంచె, తువ్వాలు, కొంత పైకం. పగలు ఎవరి పొలం పని వాళ్లది. రాత్రి తిని, ఎద్దులకు మేత వేసి, ఎనిమిది దాటాక రామాలయం ముందుకు చేరేవాళ్లు. పెట్రోమాక్స్ లైటు, దాని చుట్టూ పురుగులు, మధ్యలో దీపం కంబం, చుట్టూ వలయంగా పదహారు మంది మగవాళ్లు. మా నాయన అందులో ఒకడు. చేతుల్లో చెక్కలు, వాటికి ఇత్తడి బిళ్లలు. పట్టుకుని మూస్తే టక్కుమనడమే కాదు, ఘల్లుమనేవి. పాట గురువు ఎత్తుకుంటే వీళ్లు అందుకోవాలి. అడుగు తప్పినవాడి పిక్క మీద గురువు బెత్తం సన్నగా తగిలేది. నలభై ఏళ్ల మనిషి, ఊళ్లో పెద్దరికం చేసేవాడు, బెత్తం దెబ్బ తిని నవ్వుకుంటూ మళ్లీ మొదటికి వచ్చేవాడు. ఇప్పుడు తలుచుకుంటే అదే నాకు పెద్ద వింత.

వాళ్ల రెండో అడుగులో నాలుగో దెబ్బకు చెక్క మోగేది, కాలు మాత్రం లేచేది కాదు. మా నాయనకు అది పదిరోజులైనా పట్టుబడలేదు. పగలు కపిల బావి దగ్గర, మల్బరీ ఆకు కోస్తూ, నోటితో తాళం వేసుకుంటూ అదే సాధన. ఆడపిల్లల్ని ఆ వలయంలోకి రానిచ్చేవాళ్లు కాదు. అమ్మా, నేనూ, ఇరుగుపొరుగు ఆడవాళ్లూ ఎదురింటి అరుగు మీద కూర్చునేవాళ్లం. అరుగు కింద చీకట్లో నా కాళ్లు ఊరికే ఉండేవా! రెండు నెలల్లో పదహారు మందీ నేర్చినదంతా నా కాళ్లకూ వచ్చేసింది. నవమికి వాళ్లకు గజ్జె కట్టించారు. మాకు పానకం పోశారు.

రానివ్వనిది ఆడవాళ్లనే కాదు. దళితవాడ నుంచి డప్పుకు పిలిచేవాళ్లు, వలయంలోకి పిలిచేవాళ్లు కాదు. పల్లాడియం గురించి చదువుతుంటే నాకు ఆ పెట్రోమాక్స్ వెలుగు ఎంతవరకు పడేదో, ఎక్కడ ఆగిపోయేదో గుర్తొచ్చింది. మగవాళ్లు మగవాళ్లతోనే నేర్చుకోవడం మన ఒక్కచోటే కాదు లెండి. అర్జెంటీనాలో టాంగో కూడా వెనకటికి మగవాళ్లు ముందు మగవాళ్లతోనే సాధన చేసి, కాలు కుదిరాకే ఆడవాళ్లతో ఆడేవాళ్లట. కాకపోతే వాళ్లు చివరికైనా ఆడవాళ్లని పిలిచారు!

అదే రామాలయం ముందు ఇప్పుడు సాధన చేసేది ఆడవాళ్లు. చెక్కభజన మెల్లగా తగ్గిపోయింది. దాని చోటులోకి కోలాటం వచ్చింది. మన జిల్లాల్లో పల్లె పల్లెకూ ఒక జట్టు ఉంది, మీరు చూసే ఉంటారు. ఒకే రంగు చీరలు, చేతుల్లో రంగు కట్టెలు, బైకు మీద వచ్చే మాస్టరు, పాటకు బ్లూటూత్ స్పీకరు. పాడటం పోయి స్పీకరు రావడం నాకు అంత ఇష్టం లేదు. అయితే పాడేవాళ్లు లేరని ఆట ఆపుకోమనడం కూడా న్యాయం కాదు. కోలాటంలో ఒక్కో అడుగుల వరసను 'కోపు' అంటారు. ఎదురుగా నిలబడి మన కట్టెకు కట్టె కలిపే మనిషి 'ఉద్ది'. లోపలి వలయం ఒకవైపు, బయటి వలయం ఇంకోవైపు తిరుగుతుంటే ఉద్ది మారిపోతూ ఉంటుంది. బెంగళూరు గురువు చప్పట్లు కొట్టి మనుషుల్ని జరిపినట్టు ఇక్కడ పాటే జరుపుతుంది. ఉద్ది లేకపోతే కొట్టడానికి ఎదురు కట్టె ఉండదు, కాబట్టి జట్టులో సరిసంఖ్య ఉండి తీరాలి.

ఈ సరిసంఖ్యే మా వదినను ఆటలోకి లాక్కొచ్చింది.

మా అన్న 2021 వేసవిలో కరోనాతో పోయాడు. వదినకు అప్పటికి యాభై ఆరు. పిల్లలిద్దరూ దూరం. సాయంత్రమైతే ఇంట్లో దీపం పెట్టి గడప మీద కూర్చునేది. ఎదురుగా రామాలయం ముందు ఆడవాళ్లు కట్టెలు ఆడిస్తుంటే వాళ్ల చంటిపిల్లల్ని ఒళ్లో వేసుకుని చూస్తుండేది. కొన్ని నెలలు అలా గడిచాయి. ఒకరోజు జట్టులో ఒకామెకు జ్వరం. పదిహేను మందే మిగిలారు. మాస్టరు అటూ ఇటూ చూసి 'పెద్దమ్మా, ఊరికే ఎదురుగా నిలబడి కట్టె అడ్డం పెట్టు, చాలు' అన్నాడు. వదిన వెళ్లి నిలబడింది. కట్టె అడ్డం పెట్టడం కాదు, మొదటి కోపు మొత్తం తప్పులేకుండా ఆడింది. నెలల తరబడి గడప మీద కూర్చుని చూసింది గదా! ఈ విద్య మా ఇంట్లో ఆడవాళ్లకు అరుగుల మీదే అబ్బుతుంది కాబోలు.

జ్వరం వచ్చినామె వారానికి తిరిగొచ్చింది. అప్పుడిక వదినను తీసెయ్యకుండా ఇంకో మనిషిని వెతికి పద్దెనిమిది మంది జట్టు చేశారు. ఊళ్లో నలుగురూ నాలుగు మాటలన్నారు. చుట్టాల్లో ఒకాయన నాకే ఫోన్ చేసి 'మీ వదినకు చెప్పమ్మా, ఏడాది మాసికం కాలేదు, ఈ ఎగురుడేంది' అన్నాడు. 'ఆయన ఉన్నప్పుడు ఆమె ఎగరలేదు మామా, ఆయనకు అన్నం వండింది. ఇప్పుడు సాయంత్రాలు ఖాళీ' అన్నాను. మళ్లీ ఫోన్ చెయ్యలేదు.

అసలు చిక్కు 2022లో వచ్చింది. కరోనా వల్ల 2020లో, 2021లో తిరుమల బ్రహ్మోత్సవాలు జనం లేకుండా గుడి లోపలే ఏకాంతంగా జరిగాయి. 2022లో వాహనాలు మళ్లీ మాడ వీధుల్లోకి వచ్చాయి. వాహనం ముందర ఆడటానికి కోలాటాలు, చెక్కభజనలు, కీలుగుర్రాలు, మరగాళ్లు అన్నీ తరలి వస్తున్నాయి. మా ఊరి జట్టుకూ అవకాశం దొరికింది. పసుపు చీర, ఎర్రంచు, ఎర్ర రవికె అనుకున్నారు. తలలో మల్లెపూలు అని ఒకామె అంది. అనేశాక అందరూ వదిన వైపు చూశారు. వదిన 'నేను స్పీకరు పట్టుకుని పక్కన నడుస్తాలే' అంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదట. అప్పుడు జట్టులో అందరికంటే చిన్నది, దళితవాడ నుంచి వచ్చే అమ్మాయి అంది: 'కొండమీద ఎవరైనా పూలు పెట్టుకుంటారా అక్కా? ఆడ పూలన్నీ సామివే గదా.'

నిజమే. తిరుమలలో పూలన్నీ స్వామికే. కొండెక్కే ఆడవాళ్లు తలలో పూలు పెట్టుకోకపోవడం మనందరికీ తెలిసిన ఆచారం. తెలిసీ ఎవరికీ తట్టలేదు. పద్దెనిమిది మందీ పూలు లేకుండానే కొండెక్కారు.

హంస వాహనం రాత్రి. నేను తిరుపతి నుంచి వెళ్లి గ్యాలరీలో కూర్చున్నాను. చినుకులు పడి నేల తడిగా ఉంది. చెప్పుల్లేని కాళ్లు. ముందు గజరాజులు, తర్వాత జట్టు వెనక జట్టు. కన్నడ వాళ్లు, తమిళం వాళ్లు, గోదావరి వైపు వాళ్లు. ప్రతి జట్టూ పది అడుగులు నడవడం, ఆగి ఒక కోపు ఆడటం, మళ్లీ నడవడం. మా ఊరి పసుపు చీరలు నా ముందుకొచ్చేసరికి నేను వదిన కోసం వెతికాను. వెంటనే దొరకలేదు. పద్దెనిమిది మందిలో పద్దెనిమిది మందీ ఒకేలా ఉన్నారు. వలయం రెండోసారి తిరిగినప్పుడు, కట్టె పైకెత్తినప్పుడు మోచేతి దగ్గర పాత కాలిన మచ్చ చూసి గుర్తుపట్టాను. ఆమె నన్ను చూడలేదు. ఎదురుగా మారుతున్న ఉద్దుల్నే చూస్తోంది.

ఆ తర్వాత వాళ్లు మెట్లోత్సవానికి కూడా వెళ్లొచ్చారు. టీటీడీ దాస సాహిత్య ప్రాజెక్టు వాళ్లు ఏడాదికి కొన్నిసార్లు భజన మండళ్లను తిరుపతికి పిలిచి, తెల్లవారుజామున అలిపిరి పాదాల మండపం నుంచి పాడుకుంటూ కొండెక్కిస్తారు. మూడున్నర వేల పైచిలుకు మెట్లు. 'మోకాళ్లు ఎట్లుండాయి వదినా?' అంటే 'ఆడేటప్పుడు లేని నొప్పి అంట్లు తోమేటప్పుడు వస్తా ఉండాది' అంది.

బెంగళూరు నుంచి తిరిగొస్తూ పలమనేరులో దిగి పుట్టింటికి వెళ్లాం. సాయంత్రం సాధన దగ్గర అందరి మధ్యా కూర్చుని సల్సా సంగతులన్నీ చెప్పాను. మొదటి ప్రశ్న అందరూ ఊహించిందే. 'మీ ఆయన ఏమన్లేదా?' మా ఆయన పక్కనే ఉన్నారు. 'నాకు ఆ రాత్రి తిండి పెట్టించలేదు, దాని గురించే అన్నాను' అన్నారు. రెండో ప్రశ్న వదినది. 'నాలుగో లెక్కకు కాలు కదపరా? మరి అది ఊరికే పాయె గదా?' లేచి నిలబడి అడుగు వేసి చూపించాను. చీకటి పడేదాకా రామాలయం ముందు కుడికాలు వెనక్కి, ఎడమకాలు ముందుకి. మాస్టరు బైకు మీద వచ్చి, స్పీకరు దించుకుని, 'ఈ కోపు ఎవరు నేర్పించినారు?' అని కాస్త కోపంగానే అడిగాడు.

పదిరోజులకు వదిన ఫోన్ చేసింది.

'అమ్మణ్ణీ, మీ లెక్క మన ఆటలో పెట్టి చూసినాం. నాలుగో దెబ్బ వదిలేద్దామని. సగం మందికి గుర్తుండాది, సగం మందికి లేదు. ఎదురున్నామె కట్టె వచ్చి నా బొటనవేలికి తగిలింది. గోరు నల్లబడింది. ఆ బెంగళూరోళ్లకు చేతుల్లో కట్టెల్లేవు గాబట్టి ఎట్ల ఆడినా సరిపోతాది.'

'మానేశారా మరి?'

'మానేదేంది? మాస్టరు రాని రోజు ఆడతా ఉండాం.'